తాగుడు మానాలంటే తోడు కావాలి

మా బావగారు తాగుతారన్న సంగతి మా యింట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు వుండడమే మాకు అలవాటు. పండక్కి వచ్చినప్పుడు ఆయన సాయంత్రం ఆరు గంటలకు "అలా వూళ్ళోకి వెళ్ళి వస్తాను" అని చెప్పులు తొడుక్కునేవారు. మా అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా అక్కయ్య గోడవైపు తిరిగి బట్టలు మడతపెట్టేది. నేను పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి. తొమ్మిదింటికి ఆయన తిరిగి వచ్చి, భోజనం వద్దని పడుకునేవారు. "పాపం, ఆఫీసులో పని యెక్కువ" అని మా అమ్మ చుట్టాలతో అనేది. పండగనాడు ఆఫీసేమిటని యెవరూ అడిగేవారు కాదు.

ఇలా యిరవై యేళ్ళు గడిచాయి.

రెండేళ్ళ క్రితం మా మేనకోడలికి పెళ్ళిచూపులు యేర్పాటు చేశాము. ఆ ఒక్క రోజూ తాగనని బావగారు కూతురికి మాట యిచ్చారు. వుదయం పదింటివరకూ ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. ఆ తరువాత చేతులు వణకడం మొదలుపెట్టాయి. కాఫీకప్పు సాసరు మీద టకటకమని కొట్టుకున్నది. "పళ్ళు తెస్తా"నని బజారుకు వెళ్ళారు. వచ్చినవారు కాఫీలు తాగి, కబుర్లు అయిపోయి, లేవబోయే వేళకు తిరిగి వచ్చారు. పళ్ళు తేలేదు. గుమ్మంలో తూలి, కాబోయే వియ్యంకుడి భుజం పట్టుకుని నిలదొక్కుకున్నారు. వారు మర్యాదస్థులు. యేమీ అనలేదు. మళ్ళీ కబురూ పెట్టలేదు.

ఆ రాత్రి మా మేనకోడలు యేడవలేదు. తండ్రి గదిలోకి వెళ్ళి, "నాన్నా, సంబంధం పోయినందుకు నాకు బాధ లేదు. పళ్ళు తెస్తానని వెళ్ళావు చూడు, ఆ మాట నేను నమ్మాను. అందుకు బాధగా వుంది" అన్నదట.

ఈ మాట బావగారే నాకు చెప్పారు. ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. మా వాళ్ళ పేర్లుగాని, మా వూరి పేరుగాని ఈ వ్యాసంలో కనిపించవు. ఆ కట్టుబాటు యెందుకో మీకే తెలుస్తుంది.

డాక్టరుగారి మాట

మర్నాడు వుదయం బావగారు మా అక్కయ్యతో, "ఇవాళ్టినుంచి ముట్టను. ఒట్టు" అన్నారు. ఒట్టు పెట్టుకోవడం ఆయనకు కొత్త కాదు. అయితే ఈసారి మేము ఒట్టును నమ్ముకోకుండా డాక్టరుగారి దగ్గరికి తీసుకువెళ్ళాము. అదే మంచిదయింది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఆయన చెప్పారు. యేళ్ళతరబడి రోజూ బాగా తాగేవారు వున్నట్టుండి ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. చేతులు వణకడంతో ఆగకపోవచ్చును. ఫిట్సు రావచ్చును. లేనివి కనిపించి, వినిపించి, మనిషి మతి తప్పవచ్చును. సరియైన వైద్యం అందకపోతే ప్రాణానికే ముప్పు. "పౌరుషంకొద్దీ యింట్లో తలుపు వేసుకుని మానడానికి ఇది ఉపవాసం కాదు. పది రోజులు ఆసుపత్రిలో వుండాలి" అన్నారాయన.

వున్నారు. పదకొండో రోజున యింటికి పంపుతూ డాక్టరుగారు అన్న మాట నాకు బాగా గుర్తు. "ఆ మందు మానిపించడానికి ఈ మందు వున్నది. మానిన మనిషి మానినట్టే వుండడానికి మాత్రం నా దగ్గర వున్నవి సగం మందులే. మిగిలిన సగం తోడు. ఆదివారం సాయంత్రం ఫలానా స్కూల్లో ఒక సభ జరుగుతుంది. వెళ్ళండి. అది నచ్చకపోతే మరొకటి వున్నది. అదీ నచ్చకపోతే నా దగ్గరికి రండి, యింకొకటి చెబుతాను. ఒక్క పెళ్ళిచూపులకే సంబంధం కుదురుతుందా యేమిటి?"

పెళ్ళిచూపుల మాట వినగానే బావగారు తల వంచుకున్నారు. పాపం, డాక్టరుగారికి ఆ కథ తెలియదు.

ఇది ఒక్క యింటి సంగతి కాదు

మన వాళ్ళలో తాగుడును తప్పు అనేవారున్నారు, పాపం అనేవారున్నారు, కర్మ అనేవారున్నారు. జబ్బు అనేవారే తక్కువ. అమెరికాలోని వైద్యుల సంఘం 1956లోనే దీన్ని వైద్యం చేయవలసిన జబ్బుగా గుర్తించింది. జబ్బు అన్నంత మాత్రాన మనిషి బాధ్యత తీరిపోదు. చక్కెరవ్యాధి వున్నవాడు తన జబ్బుకు సిగ్గుపడనక్కరలేదు. అలాగని మిఠాయి దుకాణంలో కాపురం పెట్టకూడదు. ఇదీ అంతే.

మన కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ ఎయిమ్స్ వారిచేత జరిపించిన సర్వే ఫలితాలు 2019లో వెలువడ్డాయి. దాని ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లమంది. వారిలో తాగుడువల్ల చెడి, యెవరో ఒకరి సాయం కావలసినవారు 5 కోట్ల 70 లక్షలమంది. తాగుడుకు పూర్తిగా బానిసలైనవారిలో యేదో ఒక చికిత్స అందినవారు 38 మందికి ఒక్కరు. మిగిలిన ముప్పైయేడుగురూ యెక్కడ వున్నారు? మా బావగారిలాగే సాయంత్రం ఆరింటికి చెప్పులు తొడుక్కుంటున్నారు.

మన రాష్ట్రాల సంగతీ చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పదిహేనేళ్ళు దాటిన మగవారిలో తాగేవారు తెలంగాణాలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు చీపుళ్ళు పట్టుకుని సారా దుకాణం మూయించిన సంగతి తెలుగువారు మరిచిపోలేదు. 1993లో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. దుకాణం వుండాలా వద్దా అన్నది ప్రభుత్వాలు తేల్చవలసిన సంగతి. వున్న దుకాణం ముందునుంచి మనిషి చూపు తిప్పుకోకుండా యింటికి నడిచి రావడం యెలాగన్నదే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న సంగతి.

హోటల్లో ఒక టెలిఫోను

డాక్టరుగారు చెప్పిన సభ ఆల్కహాలిక్స్ అనానిమస్ వారిది. పేరు చెప్పుకోనక్కరలేని తాగుబోతుల సంఘం అని దాని అర్థం. ఈ సంఘం పుట్టిన కథ మన వారపత్రికల సీరియల్ కథలకు యేమాత్రం తీసిపోదు.

1935 మే నెల. అమెరికాలో ఓహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరానికి బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి ఒక పనిమీద వచ్చాడు. ఆ పని చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు. తెలిసినవారు లేరు. అప్పటికి అయిదు నెలలుగా అతడు తాగడం లేదు. హోటలు హాల్లో పచార్లు చేస్తున్నాడు. ఒక పక్క బారులోనుంచి నవ్వులూ గ్లాసుల చప్పుడూ వినవస్తున్నాయి. మరొక పక్క టెలిఫోను వున్నది. తాగుడునుంచి తనను కాపాడుకోవాలంటే మరొక తాగుబోతుతో మాట్లాడాలని అతడికి తోచింది. చర్చీల జాబితా చూసి ఒక పాదిరీకి ఫోను చేశాడు. అలా ఒకరిద్వారా ఒకరిని పట్టుకుని, హెన్రియెటా సైబర్లింగ్ అనే ఆమెను చేరాడు. ఆమెకు అలాంటి స్నేహితుడొకాయన వున్నాడు. పేరు రాబర్ట్ స్మిత్. మంచి సర్జను. తాగి తాగి చేతి పనితనం పోగొట్టుకుంటున్నవాడు.

మర్నాడు, మే 12న, యిద్దరూ కలుసుకున్నారు. పదిహేను నిముషాలకంటె కూర్చోనని డాక్టరు ముందే షరతు పెట్టి వచ్చాడు. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. డాక్టరుకు అంతకుముందు నీతులు చెప్పినవారు చాలామంది. "నేనూ నీలాంటివాణ్ణే" అని తన కథ చెప్పినవాడు ఇతడొక్కడే.

అంతటితో కథ సుఖాంతం అయిందనుకోకండి. ఆ తరువాత డాక్టరు ఒక వైద్యుల మహాసభకు వెళ్ళి, మళ్ళీ తాగి వచ్చాడు. బిల్ అతడిని విడిచిపెట్టలేదు. 1935 జూన్ 10న డాక్టరు ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే సంఘం పుట్టినరోజుగా లెక్కపెడుతున్నారు. అంటే ఈ సంఘానికి మూలపురుషుడైనవాడే ఒకసారి జారిపడి లేచాడన్నమాట. పడినవాణ్ణి ఈ సభలలో యెందుకు యీసడించరో దీన్నిబట్టి తెలుస్తుంది.

సంఘం పేరుతోనే 1939లో వారి పుస్తకం వచ్చింది. 1941 మార్చిలో జాక్ అలెగ్జాండర్ అనే విలేఖరి, సగం అనుమానంతోనే వెళ్ళి చూసి, శాటర్డే ఈవెనింగ్ పోస్ట్ అనే సచిత్ర వారపత్రికలో వారినిగురించి ఒక వ్యాసం రాశాడు. ఆ సంవత్సరం మొదట్లో రెండువేలున్న సభ్యులు యేడాది చివరికి యెనిమిదివేలయ్యారు. ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ వ్యాసం కత్తిరించి భర్తల కంటపడేటట్టు పెట్టి వుంటారని నా వూహ. మన దేశంలో ఈ సంఘం 1957లో మొదలైంది. ఇప్పుడు హైదరాబాదు, సికింద్రాబాదు, విశాఖపట్నంవంటి మన నగరాలలో దాని సభలు జరుగుతున్నాయి.

సభలో యేమి జరుగుతుంది?

చాలామందికి దీనిపై వింత వూహలున్నాయి. కాళ్ళు చేతులు కట్టేస్తారని కొందరూ, మతం మార్పిస్తారని కొందరూ అనుకుంటారు. అలాంటిది యేమీ లేదు. ఒక స్కూలు గదో, చర్చి వెనుక హాలో దొరుకుతుంది. పదో యిరవయ్యో కుర్చీలు వేస్తారు. గంటా గంటన్నర కూర్చుంటారు. వచ్చినవారు తమ పేరులో ఒక ముక్క చెబితే చాలు. వూరూ వుద్యోగమూ చెప్పనక్కరలేదు. ఒకరు మాట్లాడుతూంటే మరొకరు అడ్డురారు, సలహాలివ్వరు. మాట్లాడడం యిష్టం లేకపోతే వినవచ్చును. విన్నదాన్ని గది బయట చెప్పకూడదు. అందుకే నేను చూసిన సభలో యెవరేమన్నారో మీకు చెప్పడం లేదు.

చేరడానికి రుసుము లేదు. దరఖాస్తు లేదు. తాగుడు మానాలన్న కోరిక వుంటే చాలు. టీ ఖర్చుకూ గది అద్దెకూ చివర డబ్బా తిప్పితే, సభ్యులు తోచింది వేస్తారు. బయటివారు విరాళం యిస్తామన్నా పుచ్చుకోరు. జన్మలో తాగనని ప్రమాణం చేయించరు. ఈ ఒక్క రోజూ తాగకుండా వుండు, రేపటి సంగతి రేపు చూద్దాం అంటారు. యిరవై యేళ్ళుగా ఒట్లు పెట్టి విసిగిపోయిన మా బావగారికి మొట్టమొదట నచ్చింది ఈ మాటే.

ఈ సభలలో రెండు రకాలున్నాయి. తాగుడు సమస్య వున్నవారికి మాత్రమే ప్రవేశం వున్నవి కొన్ని. వారి బంధువులూ, తెలుసుకోదలచినవారూ కూడా రాదగినవి కొన్ని. నేను వెళ్ళింది రెండో రకం సభకు. మొదటిసారి వెళ్ళేవారికి తోడు కావాలంటే ఇటువంటి సభ చూసుకోవడం మేలు.

బావగారి మూడు సభలు

మొదటి ఆదివారం ఆయనతో గేటుదాకా వెళ్ళాను. పది నిముషాలకే బయటికి వచ్చేశారు. ముఖం పాలిపోయి వుంది.

"పద పోదాం" అన్నారు.

"యేమయింది బావగారూ?"

"లోపల కుర్చీలు వేస్తున్నది యెవరనుకున్నావు? పాత ఆఫీసులో నా ప్యూను. డ్యూటీకి తాగి వచ్చాడని అతనికి మెమో యిచ్చింది నేను. అతని యెదుట కూర్చుని నేనూ అలాంటివాణ్ణేనని చెప్పుకోనా? చచ్చినా చెప్పను."

నాకు యేమనాలో తోచలేదు. ఆటో యెక్కాక ఆయనే మెల్లిగా అన్నారు: "ఆ మెమోమీద సంతకం పెట్టేనాటికి నా డ్రాయరులోనూ సీసా వుండేదోయ్."

డాక్టరుగారు రెండో చిరునామా యిచ్చారు. అది వూరికి అవతలి కొసన. వచ్చేవారు ఎక్కువగా పెద్ద వుద్యోగులు. సభ ఇంగ్లీషులో జరుగుతుంది. బావగారికి అది బాగా నచ్చింది. నెలరోజులు మానకుండా వెళ్ళారు. తిరిగి వచ్చి, అక్కడ తాను యెంత బాగా మాట్లాడిందీ మాకు చెప్పేవారు. తాగుడువల్ల దేశానికి జరిగే నష్టాన్నిగురించి మాట్లాడారట. వ్యక్తిత్వ వికాసాన్నిగురించి మాట్లాడారట. పెళ్ళిచూపులనాటి పళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. అయిదో వారం, ఒక బుధవారం సాయంత్రం, ఆయన చెప్పులు తొడుక్కుని "అలా వూళ్ళోకి" వెళ్ళారు.

ఆ రాత్రి మా అక్కయ్య ఫోను చేసింది. "అంతా అయిపోయిందిరా తమ్ముడూ" అన్నది.

అంతా అయిపోలేదు. మర్నాడు ఆయనను మళ్ళీ డాక్టరుగారికి చూపించాము. ఆయన కోప్పడలేదు. "సభ తప్పు కాదు. ఆ సభవల్లే బాగుపడినవారు నాకు తెలుసు. మీకు అది కుదరలేదు, అంతే. మీరు అక్కడ యేమి మాట్లాడేవారు?" అని మాత్రం అడిగారు. బావగారు చెప్పారు. డాక్టరుగారు చాలాసేపు వూరుకున్నారు. ఆ వూరుకోవడమే సమాధానమయింది.

వచ్చే ఆదివారం బావగారు నాకు చెప్పకుండా, ఒక్కరే, ఆ మొదటి స్కూలుకు వెళ్ళారు. తరువాత యెప్పుడో నాతో యిలా అన్నారు: "అతను నన్ను చూశాడు. ఆశ్చర్యపోలేదు. పాత రోజుల్లోలాగా సార్ అనలేదు. పేరు పెట్టి 'గారూ' అన్నాడు. కుర్చీ చూపించాడు. గ్లాసుతో టీ తెచ్చి చేతికిచ్చాడు. నేను మెమో సంగతి యెత్తబోయాను. 'టీ చల్లారిపోతుందండీ' అన్నాడు. అంతే. ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు పళ్ళ సంగతి చెప్పాను. తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో అయితే అది చెప్పలేకపోయేవాణ్ణి."

ఆయన అన్న మరొక మాట నేను డైరీలో రాసుకున్నాను. "నాకు హాయిగా వున్న సభ వేరు, నాకు పనికివచ్చిన సభ వేరు. అబద్ధం ఆడడానికి వీలులేని చోటే నాకు కావలసింది."

యెలా యెంచుకోవాలి?

బావగారికి కుదిరింది అందరికీ కుదరాలని లేదు. ఆయనకు కుదరని ఇంగ్లీషు సభ మరొకరికి ప్రాణం పోయవచ్చును. మా అనుభవంలో తెలిసినవి, డాక్టరుగారు చెప్పినవి కొన్ని యిక్కడ పొందుపరుస్తున్నాను.

మొదటిది దూరం, వేళ. వూరు దాటి వెళ్ళవలసిన సభకు యెవరూ యెక్కువకాలం వెళ్ళరు. సాయంత్రం ఆరింటికి కాళ్ళు దుకాణంవైపు లాగే మనిషికి సాయంత్రం ఆరింటి సభ కావాలి. ఆదివారం వుదయపు సభ ఆయనకు అంత వుపకరించదు. కొత్తవారు మొదటి తొంభై రోజులలో తొంభై సభలకు వెళ్ళాలని ఈ సంఘంలోని అనుభవశాలులు చెబుతూ వుంటారు. చిన్న వూళ్ళలో అది సాధ్యం కాదు. అయినా వారానికి ఒకటికంటె రెండు మేలు. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి ఫోనులోనే కలుసుకునే సభలు బాగా పెరిగాయి. దగ్గరలో యేమీ లేనివారికి అవి ఆధారం.

రెండవది భాష. తాగుడును గురించి యే భాషలోనయినా మాట్లాడవచ్చును. సిగ్గుపడిన సంగతి మాత్రం అమ్మ దగ్గర నేర్చుకున్న భాషలోనే బయటికి వస్తుంది.

మూడవది నమ్మకం. ఈ సంఘం వారి పన్నెండు మెట్ల పద్ధతిలో దేవుడి ప్రసక్తి వున్నది. అయితే ఆ దేవుడు యెవరన్నది యెవరికి వారే నిర్ణయించుకోవచ్చునని వారే చెబుతారు. రాముడనుకున్నా, అల్లా అనుకున్నా, ఆ గదిలో కూర్చున్న మనుషుల బలమే అనుకున్నా అభ్యంతరం లేదు. అదీ యిమడనివారికి దేవుడి ప్రసక్తి లేని సంఘాలూ ప్రపంచంలో వున్నాయి. 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ అటువంటిది.

నాలుగవది ఆడవారి సంగతి. తాగుడు సమస్య స్త్రీలకూ వున్నది. మన సంఘంలో వారి సిగ్గు మగవారి సిగ్గుకు పదింతలు. అందరూ మగవారే వున్న గదిలో నోరు విప్పడం కష్టం. స్త్రీల సభ యెక్కడయినా వుందేమో ముందు విచారించడం మంచిది. కొత్తగా వచ్చినవారికి దారి చూపే పాతసభ్యుణ్ణి స్పాన్సరు అంటారు. స్త్రీకి స్త్రీ, పురుషుడికి పురుషుడు స్పాన్సరుగా వుండడం వారి ఆనవాయితీ.

అయిదవది అన్నిటికంటె ముఖ్యం. కొన్ని గుర్తులు కనిపిస్తే ఆ చోటునుంచి వచ్చేయాలి. చేర్చుకోవడానికి డబ్బు అడిగినా, డాక్టరు యిచ్చిన మందులు మానెయ్యమన్నా, మీరు చెప్పిన మాట మీకంటె ముందు వీధిలోకి వచ్చినా అది సరియైన చోటు కాదు. ఇక గదిలో బంధించి, కొట్టి మానిపిస్తామనేవారి జోలికే పోకూడదు.

ఇన్ని చెప్పినా, ఒక్కసారి చూసి నచ్చలేదని తేల్చేయడం తగదు. ఒక్కొక్క సభకూ ఒక్కొక్క స్వభావం వుంటుంది. ఒకే సభ ఈ వారం ఒక విధంగా, వచ్చే వారం మరొక విధంగా వుంటుంది. యే సభకయినా నాలుగయిదుసార్లు వెళ్ళి చూసి, అప్పుడు నిర్ణయించుకోవడం వివేకం.

వీటివల్ల నిజంగా ఫలితం వున్నదా అని చదువుకున్నవారు అడుగుతారు. అడగవలసిందే. 27 పరిశోధనలను, పదివేలమందికి పైగా రోగులను పరిశీలించి కాక్రేన్ సంస్థవారు 2020లో ఒక సమీక్ష ప్రకటించారు. ఈ సభల మార్గంలో నడిపించినవారిలో యేడాది తరువాత పూర్తిగా మానివున్నవారు 42 శాతం. యితర చికిత్సలు పొందినవారిలో 35 శాతం. అంటే ఇది సంజీవని కాదు. సగంమందికి పైగా మళ్ళీ ప్రయత్నించవలసినవారే. ఖర్చులేని మార్గం, ఖరీదైన మార్గాలకంటె తీసిపోలేదన్నది మాత్రం ఖాయం. మందులతో దీనికి పోటీ లేదు. రెండూ కలిస్తే మరీ మంచిది.

యెక్కడ మొదలుపెట్టాలో తెలియనివారికి ప్రభుత్వంవారి వుచిత ఫోను నంబర్లు రెండున్నాయి. వ్యసనాల విషయమై 14446. మనసుకు సంబంధించిన యే బాధకయినా 14416. రెండవదానిలో తెలుగులోనూ మాట్లాడవచ్చును.

ఇంట్లోవారి సంగతి

బావగారి కథలో మా అక్కయ్యను మరిచిపోతే నేను తమ్ముణ్ణి కాను. తాగేవారి భార్యలూ భర్తలూ బంధువులకోసం అల్-అనాన్ అనే సంఘం అమెరికాలో 1951లో యేర్పడింది. స్థాపించినవారిలో ఒకరు ఆ బిల్ విల్సన్ భార్య లోయిస్. తాగేవారి పిల్లలకోసం 1957లో అల్-అటీన్ వచ్చింది. డాక్టరుగారు చెప్పగా మా అక్కయ్య ఒక రోజు అల్-అనాన్ సభకు వెళ్ళింది. "తాగేది ఆయన, నేనెందుకు వెళ్ళాలిరా?" అని రుసరుసలాడుతూనే వెళ్ళింది.

తిరిగి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అన్నది: "సీసామీద పెన్సిలుతో గీత గీసి యెంత తగ్గిందో చూసేదాన్ని. జేబులు వెతికేదాన్ని. ఆఫీసుకు ఫోను చేసి జ్వరమని చెప్పేదాన్ని. ఇన్నాళ్ళూ ఆయన తాగారు, నేను లెక్కపెట్టాను. యిద్దరి ధ్యాసా ఆ సీసామీదే."

ఇది విని నేనూ సిగ్గుపడ్డాను. పేపరు చాటున కూర్చున్న నా యిరవై యేళ్ళు గుర్తువచ్చాయి. ఆఫీసులో పని యెక్కువ అని మా అమ్మ అన్నది అబద్ధం. కాదని అననిది నేను. పరువు కాపాడుతున్నామనుకుని మేమందరం కలిసి కాపాడింది ఆయన తాగుడును. ఇంట్లో ఇటువంటివారు వున్న పాఠకులకు నా మనవి ఒక్కటే. తిట్టవద్దు, ఏడవవద్దు అనను. దాచవద్దు. తాగిన రాత్రి మాట్లాడి లాభం లేదు. తెల్లవారి, నిషా దిగి, మనిషి సిగ్గుపడి కూర్చున్న వేళ, ఒక కాగితంమీద ఒక చిరునామా రాసి చేతికివ్వండి. "నేనూ వస్తాను, పదండి" అనండి.

బావగారు తాగడం మానేసి ఈ నెలకు పధ్నాలుగు నెలలు. ఆయన లెక్క వేరు. "ఇవాళ తాగలేదు" అంటారు. మా మేనకోడలికి యింకా సంబంధం కుదరలేదు. తొందరలేదంటుంది. కిందటి సంక్రాంతికి వారు మా యింటికి వచ్చారు. సాయంత్రం ఆరు గంటలకు బావగారు లేచి చెప్పులు తొడుక్కున్నారు. మా అమ్మ అలవాటుకొద్దీ వంటింటివైపు అడుగు వేసింది. నేను పేపరు దించాను.

"యెక్కడికి బావగారూ?" అని అడిగాను. యిరవై యేళ్ళలో నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

"మీ వూళ్ళోనూ సభ వుందట. చూసి వస్తాను. యెలా వుంటుందో యేమో" అన్నారు.

"పళ్ళు తీసుకురా నాన్నా" అన్నది మా మేనకోడలు, వున్నచోటునుంచి కదలకుండానే.

యెనిమిదింటికి తిరిగి వచ్చారు. రెండు డజన్ల అరటిపళ్ళు తెచ్చారు. అందులో సగం పచ్చివి.